పాతర మీద జీపు

ఆదోనిలో ఇమాం సాబ్ జీపు గురించి అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్పేవాళ్ళు. అందులో ఒక్కటీ నమ్మదగ్గది కాదు. ఒక్కదాన్నీ ఇమాం సాబ్ కాదనేవాడూ కాదు. అది మిలిటరీవాళ్ళు వేలం వేసిన జీపు. యుద్ధంలో దాని కింద బాంబు పేలితే బాంబే తునకలైంది గానీ జీపుకు గీత కూడా పడలేదట. ఆదోని కొండ మెట్లెక్కి, పైన కాసేపు సేదదీరి, తిప్పుకోవడానికి చోటు లేక రివర్సులోనే కిందికి దిగిందట. హొళగుంద దగ్గర వంక పొంగిన రోజున పెళ్ళికూతురిని, ఆమె మేనత్తను, మేనత్త ఇత్తడి బిందెలను మోసుకొని ఈదుతూ అవతలి గట్టు చేరిందట.

"ఈదిన మాట నిజమే. మేనత్త కూర్చున్న పక్క మాత్రం రోంత మునిగింది," అని ఇమాం సాబ్ న్యాయంగా ఒప్పుకునేవాడు.

ఆయన భార్య రసూల్‌బీ ఇవన్నీ వింటూ రొట్టెలు తట్టేది. "ఈ మనిషి నోరు కూడా ఇంజనే. కాకపోతే దానికి పెట్రోలు అక్కర్లేదు," అనేది.

జీపు రాకముందు ఇమాం సాబ్ పత్తి బేళ్ళ లారీల మీద క్లీనరు, ఆ తర్వాత డ్రైవరు. రోడ్డు మీద నడిపీ నడిపీ విసుగొచ్చిందో ఏమో, జీపు చేతికి రాగానే రోడ్డు దిగాడు. దసరాకో వేసవికో బంధువుల ఇళ్ళకు వచ్చినవాళ్ళు ఆదోనిలో చూడాల్సినవి చూసేశాక ఇళ్ళలో కూర్చొని ఆవలిస్తుంటారు గదా. వాళ్ళను ఎక్కించుకొని గుట్టల వెంబడి, రేగడి చేల మధ్య, వంకల ఇసుకలో తిప్పుకొచ్చేవాడు. ఏ గుట్ట వెనక జింకల మంద మేస్తుందో, ఏ వంకలో ఊట ఉందో, ఏ బండ కింద తేనెపట్టు ఉందో దారి పొడుగునా చెప్పేవాడు. చెప్పినదాంట్లో సగం ఉండేది, సగం ఆయన కల్పించేవాడు. జనం రెండిటికీ సంతోషపడి దిగేవాళ్ళు.

ఎక్కినవాళ్ళకు ఆయన పెట్టే షరతులు ఎన్నో. ఆయన తనకు తాను పెట్టుకున్న షరతు మాత్రం ఒక్కటే. ఏ ఊరు దగ్గరికొచ్చినా పొలిమేర బయటే హారన్‌ను పాట పాడినట్టు సాగదీసి మోగించేవాడు. ఆ ప్రాంతంలో జీపంటే సర్కారు. సూదులేసేవాళ్ళు, శిస్తు అడిగేవాళ్ళు, ఆపరేషన్లకు పట్టుకుపోయేవాళ్ళు, అందరూ జీపులోనే వచ్చేవాళ్ళు. దూరాన దుమ్ము లేచిందంటే సగం ఊరు చేలల్లోకి ఉరికేది. హారన్ వింటే మాత్రం, "మన సాబే లేప్పా, పనిలేనోళ్ళను ఎక్కించుకొని తిరుగుతాండాడు," అని నిమ్మళించేది.

డెబ్బై నాలుగు దసరా సెలవుల్లో ఆ షరతు తప్పాడు.

ఆ రోజు జీపెక్కింది పద్మాబాయి, ఆమె భర్త నరహరి. పద్మాబాయి ఆదోని పిల్లే, బడిపంతులు వెంకోబారావుగారి కూతురు. నరహరికి హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం. కొత్త అల్లుడు కాబట్టి ప్యాంటుకు ఇస్త్రీ మడత చెదరకుండా, ముందు సీట్లో పీటల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. పద్మాబాయి ఒళ్ళో చక్కిలాల డబ్బా.

"ఇమాం సాబ్, పోయినేడు మా నాయనకు జింకలను చూపిస్తానని మేకలను చూపించినారంట గదా?" అంది ఆమె, జీపు రోడ్డు దిగగానే.

"అవి జింకలేనమ్మా. మీ నాయన కండ్లద్దాలు ఇంటికాడ పెట్టొచ్చినాడు."

"మరి 'మే' అని అరిచినాయంటనే?"

"పంతులుగారిని చూసినాక ఏ జీవానికైనా పాఠం అప్పజెప్పాలనిపిస్తాది గదమ్మా!"

నరహరి పగలబడి నవ్వాడు. కొత్త అల్లుడు నవ్వితే ఇమాం సాబ్‌కు పెట్రోలు పోసినట్టే. ఈసారి చెయ్యి చాపితే కొమ్ములు తగిలేంత దగ్గరికి తీసుకుపోతానన్నాడు.

"అయితే ఆ బూర ఊదొద్దు. దాన్ని ఊదినారంటే జింకలు బళ్ళారి దాకా ఆగవు," అంది పద్మాబాయి.

ఆయన ఒక్క క్షణం తటపటాయించాడు. కానీ కొమ్ములు తగిలేంత దగ్గరన్న మాట అప్పటికే నోరు దాటిపోయింది. "ఊదను. నా జీపు పిల్లి మాదిరి పోతాది, చూడండి," అన్నాడు.

పోయింది కూడా. ఆ పూట జీపు నిజంగానే మాట విన్నది. ఒక గుట్ట మలుపు తిరిగేసరికి జింకల మంద తలలెత్తి చూసింది. నల్ల మగజింక ఒకటి గాల్లోకి ఎగిరి, దిగడం మరిచిపోయినట్టు కాసేపు అక్కడే ఉండి, మళ్ళీ ఎగిరింది. నరహరి లేచి నిలబడి, కడ్డీ పట్టుకొని, చిన్నపిల్లాడిలా కేకలు పెట్టాడు. ఇమాం సాబ్ గుంటక తోలిన చేను మీదుగా, ఎండిన వంకలోకి, వంకలోంచి బయటికి తోలాడు. ఇస్త్రీ మడత ఎప్పుడో పోయింది. జింకలు కనుమరుగయ్యేసరికి రేడియేటరు కుతకుత ఉడుకుతోంది.

దగ్గర్లో బొమ్మనగుండ్ల అనే పల్లె. అక్కడ నీళ్ళు పోసుకుందామని ఇమాం సాబ్ అటు తిప్పాడు. నరహరి ఇంకా కడ్డీ పట్టుకొని నిలబడి కేకలు పెడుతూనే ఉన్నాడు. ఇమాం సాబ్ కూడా జింకల సంబరంలోనే ఉన్నాడు, హారన్ మాటే గుర్తుకు రాలేదు. ఊరి బయట కళ్ళంలో మనుషులు అటూ ఇటూ పరుగులు తీస్తున్నారు. తన జీపును చూసి సంబరపడుతున్నారనుకున్నాడాయన. చెయ్యి కూడా ఊపాడు.

అసలు సంగతి వేరు. ఆ ఏడు వానలు సరిగా లేవు. జొన్నలు దాచినవాళ్ళను పట్టుకుపోతున్నారని, ఉన్న గింజలు జప్తు చేస్తున్నారని పుకారు. నిజమెంతో ఎవరికీ తెలియదు, భయం మాత్రం అందరికీ తెలుసు. అక్కడివాళ్ళు జొన్నలను పాతరలో దాచుకుంటారు. పాతరంటే నేలలో తవ్విన గొయ్యి. పైన నోరు మనిషి దూరేంత, లోపల కడుపు కుండలా గుండ్రం, రెండు నిలువుల లోతు. నోరు మూసి మన్ను పరిస్తే ఇంటివాళ్ళకు తప్ప ఎవరికీ ఆనవాలు దొరకదు. మాదన్న, ఆయన తమ్ముడు దుర్గప్ప అంతకు ముందు రోజే తమ పాతర నోరు తెరిచారు. తెరిచిన వెంటనే దిగకూడదు. లోపలి చెడ్డ గాలి పోయేదాకా ఆగాలి. ఆగారు, లాంతరు దించి చూశారు, అంతా పద్ధతి ప్రకారమే. దుర్గప్ప లోపలికి దిగి గంపకెత్తుతుంటే మాదన్న పైకి లాగుతున్నాడు.

అప్పుడు కనిపించింది దుమ్ము. హారన్ లేని జీపు. పైగా అందులో ఒకడు నిలబడి కేకలు పెడుతున్నాడు.

మాదన్నకు తోచింది ఒక్కటే. "గమ్మునుండు. సర్కారోళ్ళు వచ్చినారు," అని లోపలికి ఒక మాట విసిరి, నోటి మీద చెక్కలు అడ్డంపెట్టి, చొప్ప పరిచి, దాని మీద మన్ను లాగేశాడు. దుర్గప్ప భార్య దేవమ్మ గంపలను గడ్డివామిలోకి తోసింది. పూర్తయ్యేసరికి ఆ చోటు కళ్ళం మొత్తానికీ చదునుగా, శుభ్రంగా తయారైంది.

అంత చదునైన చోటు వదిలి ఇమాం సాబ్ ఇంకెక్కడ ఆపుతాడు?

కుడి ముందు చక్రం కింద చెక్కలు ఫెళ్ళుమన్నాయి. జీపు ఒక భుజం మీదికి ఒరిగిపోయింది. చక్రం ఇరుసు దాకా దిగబడి, చుట్టూ మన్నూ చొప్పా కూరుకుపోయి, సీసాకు బిరడా పెట్టినట్టు బిగుసుకుంది. పద్మాబాయి చేతిలో డబ్బా ఎగిరిపోయింది. నరహరి నుదురు అద్దానికి కొట్టుకుంది.

"ఇది యాడి గుంతప్పా?" అన్నాడు ఇమాం సాబ్ దిగుతూ.

మాదన్న చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "ఏంలేదు దొరా. ఎలుక బొక్క."

"ఎలుక బొక్కా! మీ ఊరి ఎలుకలు ఎనుములంత ఉంటాయేమప్పా? ఒకదాన్ని పట్టియ్యి, పాలు పిండుకుంటా."

ఎవ్వరూ నవ్వలేదు. తన మాటకు నవ్వని మనుషులను చూడటం ఇమాం సాబ్‌కు అలవాటు లేదు. మళ్ళీ ఎక్కి ఇంజను అదిలించాడు. వెనక చక్రాలు గిర్రున తిరిగి మన్ను చిమ్మాయి, జీపు వెనక్కి రాలేదు. ముందు చక్రం పక్కల నుంచి మన్ను జారి కిందికి పడుతోంది. పడుతున్న మన్ను ఎక్కడికో చాలా లోతుకు పోతోంది.

అప్పుడు గమనించాడు, గడ్డివామి దగ్గర నిలబడ్డ ఆడమనిషి తనను చూడటం లేదు. జీపును చూడటం లేదు. చక్రాన్ని చూస్తోంది. కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇమాం సాబ్ ఇంజను ఆపేశాడు. దిగి చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చొప్ప సందులోంచి వెచ్చగా, పుల్లగా ఒక వాసన. పాత జొన్నల వాసన. అది తెలియనివాడు ఆ ప్రాంతంలో పుట్టి ఉండడు.

"అన్నా," అన్నాడు నెమ్మదిగా, "నేను సర్కారు మనిషిని కాదు. ఆదోని ఇమాం సాబ్‌ను. మీ జొన్నలు నాకొద్దు. ఇది పాతర గదా?"

"పాతర లేదు గీతర లేదు. ఎలుక బొక్కని సెప్తాంటే!"

"లోపల యెవరన్నా ఉండారా?"

"యెవరుంటారు? ఎలుకలుంటాయి."

మాదన్న దుర్మార్గుడు కాదు. జీపు కాసేపట్లో పోతుంది, పోగానే తమ్ముణ్ణి లాగుదాం, అంతదాకా అబద్ధం లాక్కొస్తే చాలనుకున్నాడు. అది కదల్లేని జీపని ఆయన బుర్రకు ఇంకా ఎక్కలేదు. దేవమ్మకు ఎక్కింది. కొంగు నోట్లోంచి లాగేసి ఒక్క పరుగున వచ్చి చక్రాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"నా మొగుడు లోపలుండాడు! మన్నంతా ఆయప్ప మీదనే పడతాండాది! మీరు జైల్లో యేసుకుంటే యేసుకోండి, ఈ బండి తీయండి సామీ!"

ఇమాం సాబ్ చెవి నేలకు ఆనించి, "అన్నా! ఓ అన్నా!" అని అరిచాడు. కింది నుంచి ఏ చప్పుడూ లేదు. ఇంతసేపూ ఆ మనిషి ఊపిరి మీద తను ఇంజను తిప్పుతూ ఎనుముల గురించి వేళాకోళం ఆడాడు. 

జీపును పైకెత్తాలంటే మనుషులు కావాలి. ఊళ్ళో తలుపులన్నీ మూసి ఉన్నాయి. మాదన్న వీధిలోకి పరుగెత్తి, "రండ్రప్పా! దుర్గప్ప సస్తాండాడు!" అని గుండెలు బాదుకున్నాడు. ఎవరూ తలుపు తియ్యలేదు. పట్టుబడినవాడితో సర్కారోళ్ళే అలా అరిపిస్తున్నారని, బయటికొస్తే తమ పాతరలు కూడా చూపించమంటారని వాళ్ళ అనుమానం.

పద్మాబాయి చెప్పులు వదిలేసి వీధిలోకి పోయింది. తలుపుల మీద కొడుతూ తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి చెప్పింది. "మేము సర్కారోళ్ళం కాదమ్మా. సెలవులకు వచ్చినాం. ఊరికే తిరిగేకి వచ్చినాం."

ఒక కిటికీలోంచి ముసలమ్మ గొంతు. "ఊరికే తిరిగేకా? ఈ గుట్టలెంబడా?"

"అవునవ్వా. జింకలను చూసేకి."

"రోడ్డు పెట్టుకొని రాళ్ళల్లో తిరిగేకి దుడ్లు యెవరన్నా ఇస్తారా? అబద్ధమాడినా రోంత అతికేటట్టు ఆడల్ల తల్లీ!"

పద్మాబాయికి ఏడుపొచ్చింది. నిజమే, ఆ వీధిలో నిలబడి చెబుతుంటే అది ఆమెకే అబద్ధంలా వినిపించింది. నుదుటి మీద చేతిరుమాలు అదుముకొని నరహరి వచ్చి పక్కన నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తెలియక, మన్ను కొట్టుకున్న చక్కిలాల డబ్బా కూడా చంకలో పెట్టుకొచ్చాడు. ముసలమ్మ ఆ డబ్బాను, ఆ అల్లుణ్ణి తేరిపార చూసింది. గడియ తీసింది.

"ఒరే మొద్దుల్లారా!" అని వీధికి వినపడేలా కేక పెట్టింది. "పెండ్లాన్నీ చక్కిలాలనూ యెంటబెట్టుకొని జప్తుకొచ్చే దొర యాడన్నా ఉంటాడా? ఉరకండ్రా!"

తలుపులు తెరుచుకున్నాయి. బండి నొగలు పట్టుకొచ్చి జీపు కింద పెట్టారు. ఇమాం సాబ్ మధ్యలో భుజం ఆనించాడు. యుద్ధంలో బాంబును తునకలు చేసిన జీపు, వంకను ఈదిన జీపు, ఆ పూట ప్రపంచంలోని ఇనుమంతా తన ఒంట్లో పెట్టుకున్నంత బరువైంది. కదిలింది. ఒరిగింది. పక్కకు పడింది.

పాతర నోరు నల్లగా తెరుచుకుంది. మాదన్న దూకబోతుంటే ఇమాం సాబ్ నడుం పట్టుకొని ఆపాడు. లాంతరు దించారు. చెడ్డ గాలికి మంట సగం దూరంలోనే ఆరిపోయింది.

ఆ ఆరిన లాంతరును చూసి దేవమ్మ వేపకొమ్మలు విరవడానికి పరుగెత్తింది. 

వేపకొమ్మలు మోకుకు కట్టి దించి, లాగి, మళ్ళీ దించి, లోపలి గాలిని చిలికారు. కుండలతో నీళ్ళు చిలకరించారు. ఇమాం సాబ్ తను దిగుతానన్నాడు. మోకు నడుముకు కట్టుకొని కాళ్ళు లోపల పెట్టాడు కూడా. పొట్ట దగ్గర ఇరుక్కున్నాడు. ఊపిరి బిగబట్టి, పళ్ళు బిగించి, రెండోసారి ప్రయత్నించాడు. ఊరంతా చూస్తుండగా ఆదోని ఇమాం సాబ్ పాతర నోట్లో సగం దాకా దిగి ఆగిపోయాడు. మరో రోజైతే దాన్ని ఆయనే ఏడాది పాటు కథగా చెప్పుకునేవాడు.

"లెయ్ సాబ్," అన్నాడు మాదన్న. "వాడు నా తమ్ముడు."

లాంతరు మళ్ళీ దించారు. ఈసారి మంట వణుకుతూనే నిలిచింది. తడిగుడ్డ ముక్కుకు కట్టుకొని మాదన్న దిగాడు. మోకు కొస ఇమాం సాబ్ చేతిలో ఉంది. అది బిగుసుకునేదాకా ఆయనకు తెలిసిన దేవుళ్ళనందరినీ పిలిచాడు. ఆయన దేవుడితో పాటు ఉరుకుంద ఈరన్నను కూడా వదల్లేదు.

దుర్గప్ప వెలుగులోకి వచ్చేసరికి ముఖం బూడిద రంగు. చెవుల్లో, ముక్కులో, కళ్ళ కొలుకుల్లో జొన్నగింజలు. ముసలమ్మ వేలితో నోట్లోంచి మన్ను తీసింది. గుండె మీద రాశారు, విసిరారు, పేరు పెట్టి పిలిచారు. ఎంతసేపటికో గొంతులో గురకలాంటి చప్పుడొచ్చింది. ఆ చప్పుడుకు ఊరి మగాళ్ళు కూడా ఏడ్చారు.

జీపును నిలబెట్టి, వంకర తిరిగిన స్టీరింగుతోనే ఇమాం సాబ్ అతణ్ణి ఆదోని ఆసుపత్రికి చేర్చాడు. దారిలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆయన పక్కన కూర్చొని ప్రయాణం చేసినవాళ్ళలో ఆ మాట చెప్పగలిగింది పద్మాబాయి, నరహరి మాత్రమే.

దుర్గప్ప బతికాడు. కానీ నాలుగడుగులు వేస్తే ఆయాసం, మాట మాటకూ మధ్య ఎక్కడికో పోయి వెతుక్కొచ్చినట్టు ఆలస్యం. ఇమాం సాబ్ ఆసుపత్రికి రోజూ పోయి గుమ్మం దగ్గర నిలబడేవాడు. దేవమ్మ రమ్మనేది కాదు, పొమ్మనేది కాదు. ఒకరోజు మాదన్న మంచం పక్కన కూర్చొని అంబలి తాగిస్తున్నాడు. తాగుతూ తాగుతూ దుర్గప్ప గిన్నె పక్కకు తోశాడు.

"అన్నా. ఎలుకలుంటాయి అంటివి గదా. నేను ఇన్నా."

మాదన్న గిన్నె కింద పెట్టాడు. "భయంతో అన్నా రా. నిన్ను కాపాడుకుందామనే..."

"ముందు ఎలుక బొక్క అని రెండుసార్లు అంటివి. యెవరన్నా ఉండారా అని సాబ్ అడిగినాడు. అప్పుడు గూడ అంటివి." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నేను అరుద్దామనుకున్నా. గమ్మునుండమన్నావని గమ్మునుంటి."

గుమ్మంలో ఇమాం సాబ్ కూడా విన్నాడు. తప్పు మాదన్న ఒక్కడిదే అయితే ఆయనకు ఆ రాత్రి అన్నం దిగేదేమో.

ఆసుపత్రి నుంచి పంపించిన రోజున దుర్గప్ప బొమ్మనగుండ్లకు పోనన్నాడు. దేవమ్మ పుట్టిల్లు ఎమ్మిగనూరు. అక్కడ ఆమె తమ్ముళ్ళు మగ్గాలు నేస్తారు, కూర్చొని చేసే పని ఏదో ఒకటి దొరుకుతుంది. మాదన్న ఇంటి నుంచి వాళ్ళ గిన్నెలు, పెట్టె తెచ్చాడు. తెచ్చి, వాళ్ళను ఎక్కించుకున్న ఇమాం సాబ్ జీపు ముందు నిలబడ్డాడు. పక్కకు జరగలేదు.

"సాబ్, నువ్వన్నా సెప్పు. నీ నోటికి యెవురైనా ఇంటారు గదా. మా యిల్లు పగలకుండా ఒక మాట సెప్పు."

ఇమాం సాబ్ నోరు తెరిచాడు. మొండి గేదెలను, మొండి పోలీసులను, మొండి అత్తలను తిప్పేసిన నోరది. ఆ రోజు దానికి దొరికింది నిజమొక్కటే. తనే హారన్ మోగించి ఉంటే ఈ అన్నకు ఆ మాట అనాల్సిన అవసరమే ఉండేది కాదు. అది చెబితే మాదన్నకు కాస్త ఊరట. చెప్పాడు కూడా, తలవంచుకొని. మాదన్న విని, "బూర మోగింటే మోగింటాది సాబ్. ఎలుక బొక్క అనింది నేను గదా," అని తనే పక్కకు తప్పుకున్నాడు.

ఆదోని దాటారు. మబ్బు పట్టింది, చినుకు మొదలైంది. ఇమాం సాబ్ జీపు పక్కకు ఆపి, పైకి చుట్టి కట్టి ఉన్న టార్పాలిన్ తెరలు దించబోయాడు. ఒక పక్క దించగానే వెనక నుంచి దుర్గప్ప చెయ్యి వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది. ఆ మనిషిలో అంత బలం మిగిలి ఉందని ఇమాం సాబ్ అనుకోలేదు.

"మూయద్దు సాబ్."

"తడుస్తావప్పా. నీ ఒంటికి మంచిది కాదు."

"తడిసేది తడవనీ. మూయద్దు."

దేవమ్మ కొంగు తీసి భర్త తల మీద కప్పబోయి, ఆయన ముఖం చూసి, మళ్ళీ తన భుజం మీదికే లాక్కుంది. ఇమాం సాబ్ పక్క తెరలు ఊడదీశాడు. పై కప్పు కూడా విప్పి, చుట్టి, సీటు కిందికి తోశాడు. వాన నేరుగా ముగ్గురి మీద పడుతుంటే, ఎమ్మిగనూరు రోడ్డు మీద, గుంత కనిపించిన ప్రతిచోటా చక్రం తప్పిస్తూ, మెల్లగా తోలుకుపోయాడు.